హెరాయిన్‌తో పాటు అల్ప్రాజోలామ్, మద్యం, మెథ్ కూడా ఉంటే బ్యూప్రెనార్ఫిన్ ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?

వార్డ్_ఎంవో

అందరికీ నమస్తే. ఊహించిన కేసు ఒకటి పెట్టి అడుగుతున్నాను. వార్డులో ఎదురయ్యేవి మాత్రం దాదాపు ఇలాగే ఉంటాయి.

పేషెంట్‌కి 34 ఏళ్లు. మూడేళ్లుగా రోజూ హెరాయిన్. నిద్ర కోసమని అల్ప్రాజోలామ్ (బెంజోడయాజెపైన్, అంటే బెంజో రకం ట్యాబ్లెట్) రోజుకి 4 మి.గ్రా., అది మొదలై ఏడాది దాటింది. సాయంత్రమైతే మద్యం తప్పదు. వారానికి ఒకట్రెండు సార్లు మెథ్ (మెథాంఫెటమిన్, ఉత్తేజపరిచే మత్తుమందు). ఉదయం 11కి వచ్చాడు. ఆఖరిసారి మద్యం నిన్న రాత్రి 9కి, అల్ప్రాజోలామ్ అర్ధరాత్రి, హెరాయిన్ తెల్లవారుజామున 4కి, మెథ్ 7కి. కౌస్ (ఓపియాయిడ్ విత్‌డ్రాయల్‌ని, అంటే హెరాయిన్ లాంటివి ఆగినప్పుడు వచ్చే బాధల్ని కొలిచే స్కేలు) స్కోరు 11 వచ్చింది: నాడికి 2, చెమటకి 2, కుదురుగా కూర్చోలేకపోవడానికి 3, కంటిపాపకి 2, ఆందోళనకి 2. మిగతా ఆరు అంశాలూ సున్నా.

ఈ స్కోరుకి బ్యూప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికిచ్చే మందు) ఇప్పుడే ఇవ్వొచ్చా? బెంజో, మద్యం ఉండగా అసలు ఇవ్వొచ్చా, లేక ముందు వాటిని మాన్పించాలా? అల్ప్రాజోలామ్ తగ్గించడం ఎప్పుడు మొదలుపెట్టాలి? తర్వాతి వారాల్లో యూరిన్‌లో మెథ్, బెంజో వస్తూనే ఉంటే మందు ఆపేయాలా? పుస్తకాల్లో ఒక్కో పదార్థానికీ ఒక్కో చాప్టర్ ఉంది. నాలుగూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఏది ముందో ఏది తర్వాతో తేలడం లేదు.

సైక్_పీజీ

నాకు తెలిసినంతలో ముందు మద్యం, బెంజో డిటాక్స్ పూర్తి చేసి, యూరిన్ నెగటివ్ వచ్చాక బ్యూప్రెనార్ఫిన్ పెట్టడం సేఫ్. లేబుల్ మీద బాక్స్ వార్నింగ్ కూడా ఉంది కదా సార్, బెంజోతో కలిపితే ఊపిరి ఆగే ప్రమాదమని.

అడిక్షన్_డాక్

పీజీ గారూ, వార్నింగ్ నిజమే, దాని మీద మీరు కట్టిన ప్లాన్ మాత్రం తప్పు. ఓపియాయిడ్లు, బెంజోలు కలిపితే ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో బాక్స్ వార్నింగ్ పెట్టించింది. అదే ఎఫ్‌డీఏ 2017 సెప్టెంబరులో ఇంకో మాట కూడా చెప్పింది: బెంజోలు గానీ మరో మత్తుమందు గానీ వాడుతున్నారన్న కారణంతో వ్యసన చికిత్సకిచ్చే బ్యూప్రెనార్ఫిన్‌ని, మెథడోన్‌ని నిరాకరించొద్దు, ఎందుకంటే చికిత్స లేని ఓపియాయిడ్ వ్యసనం చేసే హాని ఇంకా ఎక్కువ. చాలామంది మొదటిదే గుర్తుపెట్టుకుంటారు.

యూరిన్ నెగటివ్ అయ్యేదాకా ఆగమని పంపేస్తే ఆ రోజుల్లో అతను ఏం చేస్తాడో ఆలోచించండి. హెరాయిన్, అల్ప్రాజోలామ్, మద్యం ఈ మూడూ కలిపి వాడుతూనే ఉంటాడు. ఊపిరిని అణచడంలో హెరాయిన్‌కి హద్దు లేదు. బ్యూప్రెనార్ఫిన్ పార్షియల్ అగోనిస్ట్ (మెదడులో ఓపియాయిడ్లు అతుక్కునే రిసెప్టర్లని కొంతవరకే ప్రేరేపించే మందు), ఒక స్థాయి దాటాక ఊపిరి మీద దాని ప్రభావం పెరగదు. అయితే పక్కన బెంజోగానీ మద్యంగానీ ఉంటే ఆ హద్దుని నమ్ముకోలేం, అది కూడా ఒప్పుకోవాలి. అందుకే నేననేది, ఇవ్వడం ఆపకండి, కలిసిన మత్తు మీద కన్నేసి ఇవ్వండి.

ఇక ఎంవో గారి స్కోరు. 11లో ఏయే అంశాలకి మార్కులు పడ్డాయో చూడండి. నాడి, చెమట, కదలిక, కంటిపాప, ఆందోళన. నాలుగు గంటల కింద మెథ్ పీల్చిన మనిషిలో ఈ ఐదూ మెథ్ వల్లే ఉండొచ్చు. పైగా మద్యం ఆపి 14 గంటలైంది. నాడి, చెమట, ఆందోళన మద్యం విత్‌డ్రాయల్‌లోనూ ఉంటాయి. ఓపియాయిడ్ విత్‌డ్రాయల్‌ని పట్టిచ్చే గుర్తులు వేరు: వరసగా ఆవులింతలు, ముక్కూ కళ్లూ కారడం, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టడం, ఎముకల నొప్పులు. ఇతనికి అవన్నీ సున్నా. హెరాయిన్ తీసుకుని ఏడు గంటలే అయింది కూడా. ఇప్పుడు బ్యూప్రెనార్ఫిన్ ఇస్తే రిసెప్టర్ మీదున్న హెరాయిన్‌ని తోసేసి తాను కూర్చుంటుంది. అరగంట నుంచి గంటన్నర లోపు, మందే ఒక్కసారిగా తెచ్చిపెట్టే ప్రెసిపిటేటెడ్ విత్‌డ్రాయల్ మొదలవుతుంది. ఆ దెబ్బ తిన్న పేషెంట్ ఈ మందు మళ్లీ ముట్టుకోవడానికి భయపడతాడు.

మెథ్ ఉన్నప్పుడు నేను చెప్పే నియమం ఒకటే. మొత్తం స్కోరు చూడొద్దు. ఆవులింత, ముక్కు కారడం, వెంట్రుకలు లేవడం, కడుపు, ఈ నాలుగింటిలో కనీసం రెండింటికి మార్కు పడిందా చూడండి. పడకపోతే స్కోరు ఎంతున్నా ఆగండి.

ఆగే ఆ గంటల్లో చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ముందు చూడాల్సింది మద్యం, అల్ప్రాజోలామ్. ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ నరకమే గానీ, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోకుండా చూసుకుంటే మామూలుగా ప్రాణం తీయదు. మద్యం, బెంజో విత్‌డ్రాయల్ తీస్తాయి. మద్యం ఫిట్స్ వచ్చేది ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల మధ్య, డెలీరియం (మతి చెదిరి అయోమయంలో పడటం) 48 నుంచి 96 గంటల మధ్య. అల్ప్రాజోలామ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే దాని విత్‌డ్రాయల్ ఇదే సమయంలో మీద పడుతుంది. ఇది ఇంటికి పంపి మొదలుపెట్టే కేసు కాదు, అడ్మిట్ చేయాలి.

సీవా (మద్యం విత్‌డ్రాయల్ కొలిచే స్కేలు) స్కోరు వెంటనే వేయండి. 8, 10 దాటితే మందు కావాలి. లివర్ బాగుంటే డయాజెపామ్, బాగోలేదనిపిస్తే లోరాజెపామ్. థయామిన్ ఇంజెక్షన్ 100 మి.గ్రా.కి తగ్గకుండా, గ్లూకోజ్ ఎక్కించే ముందే ఇవ్వాలి. తికమక, చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, వీటిలో ఏదున్నా వెర్నికే (థయామిన్ లోపంతో మెదడుకి వచ్చే జబ్బు) అనుకుని 500 మి.గ్రా. ఐవీ రోజుకి మూడుసార్లు. రోజూ తీసుకునే అల్ప్రాజోలామ్‌కి బదులు బెంజో డోస్ ఆ రోజు నుంచే షీట్‌లో ఉండాలి. అన్నీ ఒకేసారి ఆపేయాలన్న ఉత్సాహంలో దీన్ని మర్చిపోతే మూడో రోజు ఫిట్స్.

సాయంత్రం 4, 5 మధ్య మళ్లీ కౌస్ వేయండి. హెరాయిన్ ఆపి 12 గంటలు దాటి, నేను చెప్పిన గుర్తులు కనిపించి, మనిషి మత్తులో లేకుండా మెలకువగా ఉంటే 2 మి.గ్రా. నాలుక కింద. గంట, గంటన్నర తర్వాత చూసి ఇంకో 2 నుంచి 4. మొదటి రోజు మొత్తం 8 దగ్గర ఆగితే చాలు. రెండో రోజు కోరిక, విత్‌డ్రాయల్ చూసి 12, 16. చాలామందికి 16 దగ్గర నిలుస్తుంది, కొందరికి 24 కావాలి. ఇంకో తప్పు కూడా తరచూ జరుగుతుంది: బెంజో ఉందన్న భయంతో 4 మి.గ్రా. దగ్గరే ఆపేయడం. తక్కువ డోస్ సేఫ్ కాదు. 4 మీద ఉన్నవాడికి హెరాయిన్ కిక్కు తగులుతూనే ఉంటుంది, బయటికెళ్లి దాన్నీ కలుపుతాడు.

నైట్_సిస్టర్

సార్ చెప్పినవి డాక్టర్ షీట్‌లోకి వెళ్తాయి. మంచం దగ్గర జరిగే పొరపాట్లు నేను రాస్తాను.

ట్యాబ్లెట్ ఇచ్చే ముందు నోరు తడిగా ఉండాలి, ఒక గుక్క నీళ్లు తాగించండి. మెథ్ వాడేవాళ్లకి నోరు ఎండిపోయి ఉంటుంది. ఎండిన నోట్లో ట్యాబ్లెట్ పావుగంటైనా కరగదు, విసుగొచ్చి మింగేస్తారు. మింగితే లివర్‌లోనే చాలావరకు పోతుంది. "మందు పనిచేయలేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే. నాలుక కింద 5 నుంచి 10 నిమిషాలు, మాట్లాడకుండా, ఉమ్మి మింగకుండా. పూర్తిగా కరిగాక నీళ్లు నోట్లో వేసుకుని పుక్కిలించి మింగేయమనండి, గంట తర్వాతే పళ్లు తోముకోవాలి. పళ్లు పాడవుతున్నాయని 2022లో ఎఫ్‌డీఏ ఇచ్చిన జాగ్రత్త ఇది. మెథ్‌తో ముందే దెబ్బతిన్న పళ్లున్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

డోస్ ఇచ్చే ప్రతిసారీ నాలుగు చూసి రాయండి: పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడా, మాట ముద్దగా ఉందా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, ఆక్సిజన్ ఎంత. ఊపిరిని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే మధ్యలో వచ్చే ఆగుళ్లు తెలియవు. 12కి తక్కువైనా, మాట తడబడినా డోస్ ఆపి డాక్టర్‌ని పిలవాలి. ఆపడమంటే ఆ గంటకి వాయిదా వేయడమే, ఆ రోజుకి కొట్టేయడం కాదు.

మెథ్ వాడినవాళ్లలో ఇంకో తికమక ఉంది. రెండు మూడు రోజులు నిద్ర లేకుండా వచ్చినవాళ్లు బ్యూప్రెనార్ఫిన్ పడి విత్‌డ్రాయల్ తగ్గగానే మొద్దునిద్రలోకి జారిపోతారు, రోజంతా కూడా లేవరు. ఓవర్‌డోస్ అని కంగారు పడతాం. ఊపిరి 14, 16 ఉండి, భుజం తట్టి పేరు పెట్టి పిలిస్తే లేచి నీళ్లు తాగి మళ్లీ పడుకుంటే అది మెథ్ దిగిన నిద్ర. తట్టినా కళ్లు తెరవకపోతే, కంటిపాప సూదిమొనలా ఉంటే, గురకలాంటి శబ్దం వస్తూ మధ్యమధ్య ఊపిరి ఆగుతుంటే అది నిద్ర కాదు. లేచాక ఆకలి, ఏడుపు, చచ్చిపోవాలన్న మాటలు రావచ్చు. ఆత్మహత్య ఆలోచన ఉందా అని నేరుగా అడగండి, అడగడం వల్ల ఆలోచన పుట్టదు.

సీవా, కౌస్ రెండూ ఒకే కాగితం మీద, పక్కపక్కన, టైమ్‌తో రాయండి. వేర్వేరు ఫైళ్లలో ఉంటే ఒకే చెమటకి రెండు వైపులా మార్కులు పడి రెండు వైపులా మందు పెరిగిపోతుంది.

వార్డ్_ఎంవో

సిస్టర్ గారూ, ఆ ఆఖరి పాయింట్‌కి ప్రత్యేకంగా థాంక్స్. సార్, ఇంకో మూడు అడగాలి. జాగ్రత్త పడినా ప్రెసిపిటేటెడ్ విత్‌డ్రాయల్ వస్తే ఏం చేయాలి? హెరాయిన్ అని చెప్పినా అందులో ఫెంటానిల్ (ఇంకా శక్తిమంతమైన ఓపియాయిడ్) ఉంటే ప్లాన్ మారుతుందా? మద్యానికీ ఓపియాయిడ్‌కీ రెండింటికీ పనిచేస్తుంది కదా, ఓపియాయిడ్ రిసెప్టర్లని అడ్డుకునే మందు నాల్‌ట్రెక్సోన్ పెడితే సరిపోదా?

అడిక్షన్_డాక్

ప్రెసిపిటేటెడ్ వచ్చిందంటే ఆపకండి, పెంచండి. వినడానికి విరుద్ధంగా ఉంటుంది. సగం రిసెప్టర్లు ఖాళీ అయి బాధపడుతున్న మనిషికి కావాల్సింది వాటిని నింపడం. 8 మి.గ్రా. ఇచ్చి గంట చూడండి, తగ్గకపోతే ఇంకో 8. మొత్తం 24, కొన్నిసార్లు 32 దాకా వెళ్తుంది. తోడుగా క్లోనిడిన్ 0.1 మి.గ్రా., పై బీపీ 90 కంటే ఎక్కువుంటేనే. వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్, విరేచనాలకి లోపరమైడ్ లేబుల్ మీదున్న డోస్‌లో, ఒంటి నొప్పులకి ఐబుప్రొఫెన్, సెలైన్. ఇతనికి రోజువారీ బెంజో డోస్ నడుస్తూనే ఉండాలి. దాని మీద అదనంగా బెంజో గుమ్మరించొద్దు. ఆ టైమ్‌లో ఒంట్లో 24 మి.గ్రా. బ్యూప్రెనార్ఫిన్ ఉంటుంది.

ఫెంటానిల్ ఉంటే ప్లాన్ మారుతుంది. పేరుకి అది తక్కువసేపు పనిచేసే మందు. కానీ కొవ్వులో కరుగుతుంది. రోజూ వాడేవాళ్ల కొవ్వులో పేరుకుని, ఆపాక రోజుల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తూ ఉంటుంది. అందుకే 12 గంటల లెక్క సరిపోదు, 24 దాటడం మేలు. కౌస్ 12, 13 దాటనివ్వాలి, అదీ అసలైన గుర్తులతో. ఫెంటానిల్ స్ట్రిప్‌తో యూరిన్ విడిగా చూడాలి, మామూలు ఓపియేట్ స్ట్రిప్‌లో అది పడదు.

అంతసేపు ఆగలేనివాళ్లకి తక్కువ డోస్‌తో మొదలుపెట్టే పద్ధతి ఉంది. బెర్నీస్ పద్ధతి అంటారు, 2016లో ప్రచురితమైంది. ఫుల్ అగోనిస్ట్‌ని (హెరాయిన్ లాంటి, పూర్తిగా పనిచేసే ఓపియాయిడ్‌ని) ఆపకుండానే బ్యూప్రెనార్ఫిన్‌ని చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తారు. ఎక్కువగా వాడే ఒక షెడ్యూల్ ఇది: మొదటి రోజు 0.5 మి.గ్రా. ఒకసారి, రెండో రోజు 0.5 రెండుసార్లు, మూడో రోజు 1 రెండుసార్లు, నాలుగో రోజు 2 రెండుసార్లు, ఐదో రోజు 3 రెండుసార్లు, ఆరో రోజు 4 రెండుసార్లు, ఏడో రోజు 12 ఇచ్చి ఫుల్ అగోనిస్ట్ ఆపేయడం. 0.5 అంటే 2 మి.గ్రా. ట్యాబ్లెట్‌లో పావు. ముక్క చేసేటప్పుడు పొడి రాలిపోకుండా చూడాలి. అయితే మన కేసులాంటివాడికి దీన్ని ఇంటి దగ్గర చేయమని నేను చెప్పను. ఏడు రోజులూ బయటి సరుకు వాడుతూ, పైన మద్యం, బెంజో అంటే ఆ వారమే ప్రమాదకరం. వార్డులో, మనమిచ్చే ఓపియాయిడ్‌తో చేస్తే బాగుంటుంది.

నాల్‌ట్రెక్సోన్ గురించి. ఇది చాలామందికి వచ్చే ఆలోచనే. మద్యానికి మంచి మందు, నెలకోసారి 380 మి.గ్రా. ఇంజెక్షన్ కూడా ఉంది. ఓపియాయిడ్ వాడేవాడికి మొదలుపెట్టాలంటే 7 నుంచి 10 రోజులు, మెథడోన్ లాంటిదైతే రెండు వారాల దాకా, ఒంట్లో ఓపియాయిడ్ ఉండకూడదు. ఆ రోజుల్లోనే ఎక్కువమంది జారిపోతారు. మొదలుపెట్టి మధ్యలో మానేస్తే తట్టుకునే శక్తి పూర్తిగా పోయి ఉంటుంది, పాత డోస్ ఎక్కించుకుంటే ప్రాణం పోతుంది. బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్నవాడికి మద్యం కోసం నాల్‌ట్రెక్సోన్ రాసిచ్చే పొరపాటు కూడా జరుగుతుంది, అది చేతులారా ప్రెసిపిటేటెడ్ తెచ్చిపెట్టడమే. అలాంటివాళ్లకి మద్యం కోరిక తగ్గించడానికి అకాంప్రొసేట్ 666 మి.గ్రా. రోజుకి మూడుసార్లు బాగా కుదురుతుంది. లివర్ మీద ఆధారపడదు, కిడ్నీ మాత్రం చూడాలి. క్రియాటినిన్ క్లియరెన్స్ 30 నుంచి 50 మధ్య ఉంటే సగం డోస్, 30 లోపైతే వద్దు.

బ్యూప్రెనార్ఫిన్ 24 మి.గ్రా. మీద కూడా నిలవకపోతే మెథడోన్‌కి మారాలి, దాన్ని ఓటమిగా చూడొద్దు. అయితే బెంజో, మద్యం ఉన్నవాడికి మెథడోన్ మొదటి రెండు వారాలు నిజంగా ప్రమాదకరం. సగం ఆయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) 8 నుంచి 59 గంటల దాకా మనిషిని బట్టి మారుతుంది. ఇవాళ ఇచ్చిన 30 మి.గ్రా.లో కొంత రేపటికి, ఎల్లుండికి మిగిలి ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. మూడో రోజో నాలుగో రోజో, డోస్ పెంచకుండానే మనిషి మగతలోకి వెళ్తాడు. ఇతనికైతే 10 నుంచి 20తో మొదలుపెట్టి, మూడు నుంచి ఐదు రోజులకోసారి 5 చొప్పున పెంచుతాను. మందు గరిష్ఠంగా పనిచేసే 2 నుంచి 4 గంటల మధ్య ఒకసారి చూడాలి. పొద్దున కౌంటర్ దగ్గర బాగున్నాడన్న లెక్క చాలదు.

మందుల_లెక్క

ఫార్మసీ వైపు నుంచి కొన్ని. సార్ అల్ప్రాజోలామ్ మార్చమన్నారు. మార్చే పట్టికలు ఒకదానితో ఒకటి కలవవు, ఇది గమనించండి. కొన్నింట్లో అల్ప్రాజోలామ్ 0.5 మి.గ్రా.కి డయాజెపామ్ 10, కొన్నింట్లో 5. అంటే ఈ పేషెంట్ తీసుకునే 4 మి.గ్రా. ఒక పట్టికలో 80 అవుతుంది, ఇంకోదాంట్లో 40. బ్యూప్రెనార్ఫిన్ కొత్తగా మొదలైన మనిషికి 80 పెట్టకండి. 40 దగ్గర మొదలుపెట్టి మూడు నాలుగు భాగాలు చేసి, వణుకు, నాడి చూస్తూ సర్దుకోవాలి. ఇంకోటి, అతను చెప్పిన 4 మి.గ్రా. నిజంగా 4 కాకపోవచ్చు. ప్రిస్క్రిప్షన్ లేకుండా బయట దొరికే ట్యాబ్లెట్‌లో ఏముందో తెలియదు.

తగ్గించడం ఎప్పుడంటే, బ్యూప్రెనార్ఫిన్ డోస్ స్థిరపడి, హెరాయిన్ ఆగి, నిద్ర కొంత కుదిరాక. అప్పటిదాకా బెంజోని కదిలించకుండా ఉంచడమే మేలు. తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి అప్పుడున్న డోస్‌లో 5 నుంచి 10 శాతం. రెండు వారాల్లో 25 శాతానికి మించకూడదు. 40 నుంచి 36, తర్వాత 33, 30, ఇలా. నెలలు పడుతుంది, ఆఖరి 10 మి.గ్రా. దగ్గర ఇంకా నెమ్మది. ట్యాబ్లెట్లు వారానికోసారి ఇవ్వండి, నెలకి సరిపడా ఒకేసారి వద్దు.

పొరపాటు పడే జతలు ఇవి. మద్యం మాన్పించడానికని గాబాపెంటిన్ రాస్తారు. ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరి తగ్గుతుందని 2019 డిసెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్రిగాబాలిన్‌కీ అదే వర్తిస్తుంది, పైగా దాన్నే మత్తుకి వాడేవాళ్లున్నారు. ఫిట్స్‌కని కార్బమజెపైన్, ఫెనిటాయిన్, టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే మెథడోన్ స్థాయి పడిపోయి, మందు సక్రమంగా తాగుతున్నవాడే విత్‌డ్రాయల్‌లోకి వెళ్తాడు. అతన్ని అనుమానించకముందు ప్రిస్క్రిప్షన్ చూడండి. ఆ మందులు ఆపిన రోజు దీనికి తలకిందులు. స్థాయి పెరుగుతుంది, పెంచిన మెథడోన్ డోస్‌ని మళ్లీ దించాలి. ఆల్కహాల్ తగిలితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ రాస్తే మెథడోన్ ద్రావణం లేబుల్ చదవండి, కొన్నింట్లో ఆల్కహాల్ ఉంటుంది.

మెథడోన్‌కి ముందు ఈసీజీ. క్యూటీసీ (గుండె లయ ప్రమాదాన్ని సూచించే ఈసీజీ కొలత, మిల్లీసెకన్లలో) 450 దాటితే జాగ్రత్త, 500 దాటితే డోస్ తగ్గించడమో బ్యూప్రెనార్ఫిన్‌కి మార్చడమో. తాగేవాళ్లలో పొటాషియం, మెగ్నీషియం తగ్గి ఉంటాయి, దానివల్ల కూడా క్యూటీ పెరుగుతుంది. ముందు అవి సరిచేసి మళ్లీ ఈసీజీ తీయాలి. పైన కొకైన్, ఫ్లుకొనజోల్, ఆన్‌డాన్‌సెట్రాన్, హాలోపెరిడాల్, సిటలోప్రామ్ తోడైతే లెక్క మారిపోతుంది. విత్‌డ్రాయల్ ఆపుకోవడానికి లోపరమైడ్ గుప్పెళ్లకొద్దీ మింగేవాళ్లుంటారు. అంత డోస్‌లో అది కూడా గుండె లయని చెడగొడుతుంది. అడిగితేనే చెబుతారు.

యూరిన్ స్ట్రిప్ గురించి ఒక్క మాట, దాని మీద నిర్ణయాలు ఎక్కువ కాబట్టి. ఓపియేట్ స్ట్రిప్ మార్ఫిన్, కోడీన్, హెరాయిన్‌ని పడుతుంది. ఫెంటానిల్, ట్రమడాల్, మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్‌కి విడివిడి స్ట్రిప్‌లు కావాలి. బెంజో స్ట్రిప్‌లో చాలాసార్లు క్లోనజెపామ్, లోరాజెపామ్ తప్పించుకుంటాయి. మెథ్ పాజిటివ్ అన్నది బుప్రోపియాన్ వల్ల, లబెటలాల్ వల్ల, ట్రజొడోన్ వల్ల తప్పుగా రావచ్చు. బ్యూప్రెనార్ఫిన్ వాడకుండా ట్యాబ్లెట్ ముక్కని యూరిన్‌లో ముంచి ఇస్తే ల్యాబ్‌లో బ్యూప్రెనార్ఫిన్ కొండంత ఉంటుంది, ఒంట్లో తయారయ్యే నార్‌బ్యూప్రెనార్ఫిన్ దాదాపు ఉండదు. ఆ తేడా ల్యాబ్ కన్ఫర్మేషన్‌లోనే కనిపిస్తుంది, స్ట్రిప్‌లో కాదు.

సైక్_పీజీ

నా మొదటి జవాబు తప్పని అర్థమైంది, ధన్యవాదాలు. ఎంవో గారి ఆఖరి ప్రశ్న మిగిలింది. హెరాయిన్ ఆగింది, మెథ్ మాత్రం వారం వారం పాజిటివ్ వస్తోందనుకుందాం. రూల్ ప్రకారం డిశ్చార్జ్ అనే సెంటర్లు ఉన్నాయి. మెథ్‌కి మందేదైనా ఉందా?

అడిక్షన్_డాక్

మెథ్ పాజిటివ్ అని బ్యూప్రెనార్ఫిన్ ఆపడం అంటే, షుగర్ తగ్గలేదని బీపీ మందు లాక్కోవడం లాంటిది. చికిత్స మానేసిన మొదటి నాలుగు వారాల్లో మరణ ప్రమాదం బాగా పెరుగుతుంది. పాజిటివ్ రావడాన్ని ప్రశ్నగా తీసుకోండి: ఎప్పుడు వాడాడు, ఎవరితో, ముందు రోజు ఏం జరిగింది, బ్యూప్రెనార్ఫిన్ డోస్ చాలుతోందా, పగలు మగతగా ఉంటోందని మెలకువ కోసం వాడుతున్నాడా? ఆఖరిది నిజమైతే తగ్గించాల్సింది బెంజో.

మెథ్ వ్యసనానికి ఆమోదం పొందిన మందు లేదు. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ కలిపి చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. స్పందించినవాళ్లు 13.6 శాతం, ప్లసీబోతో (మందు లేని ఉత్తి డోస్‌తో) 2.5 శాతం. అందులో నాల్‌ట్రెక్సోన్ ఉంది కాబట్టి బ్యూప్రెనార్ఫిన్ మీదున్న మన పేషెంట్‌కి అది పనికిరాదు. ఇప్పటిదాకా గట్టిగా నిలిచింది కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. వారానికి రెండుసార్లు యూరిన్, నెగటివ్ వస్తే అప్పటికప్పుడు చిన్న బహుమతి, వరసగా నెగటివ్ వచ్చేకొద్దీ విలువ పెంచుకుంటూ పోవడం, పాజిటివ్ వస్తే మళ్లీ మొదటి విలువకి. సాధారణంగా 12 వారాలు. ఇది దెబ్బతినేది రెండు చోట్ల. బహుమతి వారం చివర్లో ఇస్తామంటే పనిచేయదు, అదే రోజు చేతిలో పెట్టాలి. మెథ్, బెంజో, మద్యం, గంజాయి అన్నీ ఒకేసారి నెగటివ్ ఉంటేనే బహుమతి అంటే ఎవరూ గెలవరు. ఒక్క మెథ్ మీదే పెట్టండి.

మగతతో వస్తే ఆ పూట డోస్ వాయిదా, టేక్‌హోమ్ (ఇంటికిచ్చే ట్యాబ్లెట్లు) తగ్గించి రోజూ మన ముందే నాలుక కింద పెట్టించడం, ఇంట్లో ట్యాబ్లెట్లు పోతుంటే నెలకోసారి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్. డిశ్చార్జ్‌కి ముందు ఇన్ని మెట్లున్నాయి.

వార్డ్_ఎంవో

స్పష్టంగా ఉంది సార్. ఇంటికి పంపేటప్పుడు నలోక్సోన్ (ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) ఇస్తాం. బెంజో కలిసిన ఓవర్‌డోస్‌లో అది పనిచేయదని ఇంట్లోవాళ్లు వాడకుండా వదిలేస్తారేమోనని భయం.

నైట్_సిస్టర్

వాడమనే చెప్పండి. బెంజోని అది తిప్పికొట్టదు, ఓపియాయిడ్ భాగాన్ని తిప్పికొడుతుంది, ఊపిరి తిరిగి రావడానికి చాలాసార్లు అది చాలు. బెంజోని తిప్పికొట్టే ఫ్లుమజెనిల్ మాత్రం బెంజోకి అలవాటైన మనిషికి ఆసుపత్రిలో కూడా అలవాటుగా ఇచ్చేది కాదు, ఫిట్స్ వస్తాయి.

ఇంట్లోవాళ్లకి నేర్పేటప్పుడు ఇలా చెప్పండి. పిలిచి, ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలకపోతే అంబులెన్స్‌కి ఫోన్. ముక్కులో 4 మి.గ్రా. స్ప్రే ఒకటి. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ఐదు సెకన్లకోసారి నోటితో ఊపిరి ఇవ్వాలి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండో ముక్కుపుటంలో ఇంకో స్ప్రే. ఊపిరి వచ్చి కళ్లు తెరవకపోతే అది బెంజోనో మద్యమో, స్ప్రేలు గుమ్మరించకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండాలి. నలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. మెథడోన్ అయితే అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, లేచి కూర్చున్నవాడు మళ్లీ పడిపోవచ్చు, అందుకని బాగున్నాడని అంబులెన్స్‌ని వెనక్కి పంపొద్దు. మొదటి స్ప్రే కొట్టిన టైమ్ ఏదో ఒక కాగితం మీద రాసి ఉంచమనండి, ఆసుపత్రిలో తర్వాతి డోస్ నిర్ణయించడానికి అది కావాలి.